గుండెచుట్టు క్రొవ్వు

గుండెజబ్బు పట్టణవాసుల వ్యాధి యనియు, దుక్కి దున్నువానికి, నాట్లు వేయు స్త్రీలకు నది రాదనియు మా వినగడప వంటి పల్లెలలోఁ బెద్దలకుఁ జిరకాలముగా నొక నమ్మకము గలదు. దానిని లెక్కలతోఁ బరీక్షించినది దూరదేశమునఁ గాదు, మన ఉభయ గోదావరి జిల్లాలలోనే. 2003–2004లో 45 గ్రామములందు, ఇంచుమించు 1,80,000 మంది జనములో, ఒక సంవత్సరమున జరిగిన మరణముల కారణములను ఇంటింటికిఁ బోయి విచారించిరి. లెక్కకు వచ్చినవి 1,354. అందు నూటికి 32 గుండెకును రక్తనాళములకును సంబంధించిన వ్యాధులవలన. గుండెపోటు, పక్షవాతము రమారమి సమభాగములు. మనము మిక్కిలి భయపడు అంటురోగముల పాలు నూటికి 12 మాత్రమే.

అడిగి తెలిసికొనుట యొకటి, కంటఁ జూచుట వేఱొకటి. 1895లో రాంట్‌జెన్ పండితుఁడు ఎక్స్-కిరణములను గనుఁగొన్నప్పుడు ఎముకలు స్పష్టముగాఁ గనఁబడెను. గుండె వట్టి నీడ. 1958లో అమెరికాలోని క్లీవ్‌లాండున మేసన్ సోన్స్ అను వైద్యుఁడు పరీక్ష చేయుచుండ, రంగుమందు అనుకొనకుండ హృదయధమనిలోఁ బ్రవేశించెను. రోగి బ్రదికెను, ఆ ధమనులను చిత్రించు మార్గము దొరకెను. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ అను ఇంజనీరు నిర్మించిన సి.టి. స్కాను యంత్రముతో మొదటి రోగి మెదడును జూచిరి. ఆయన పేరనే యొక కొలత యేర్పడినది: నీటికి సున్న, ఎముకకు వందలకొలఁది, క్రొవ్వుకు సున్నకంటెఁ దక్కువ. ఈ యంకెవలననే క్రొవ్వును మాంసమునుండి వేఱుపఱుప వీలగుచున్నది. అయితే మెదడు కదలదు, గుండె నిలువదు. యంత్రములు వేగమును బొంది, గుండె కొట్టుకొను లయతో జోడింపఁబడి, రెండు స్పందనముల నడుమ విశ్రాంతిక్షణమునఁ జిత్రము తీయ నేర్చినపిమ్మటనే పని సాగెను. 1990లో అగాట్‌స్టన్ అను వైద్యుఁడును ఆయన సహచరులును హృదయధమనులలోఁ బేరుకొన్న సున్నమును గొలుచు పద్ధతిని బ్రకటించిరి.

ఇఁక క్రొవ్వు. మన వైద్యశాస్త్రమున ధాతువులేడింట మేదస్సు నాలుగవది. చరకుఁడు అతిస్థూలునకు ఎనిమిది దోషములు చెప్పెను. అంతమాత్రమున ఈ విషయమంతయు మన గ్రంథములలోఁ గలదనుట నాకు సమ్మతము గాదు. చూడనిదానిని జూచితిమనుట పూర్వులకు గౌరవము గాదు. గుండెమాంసమునకును దానిని గప్పిన పొరకును నడుమ క్రొవ్వు కొంత యెల్లరకు నుండును. విశేషమేమన, ఆ క్రొవ్వునకును మాంసమునకును నడుమ గోడ లేదు. హృదయధమనులు ఆ క్రొవ్వులోనే పరుండి యుండును.

అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అను నూర 1948 నుండి జనులను వెంబడించి పరీక్షించుచున్నారు. అచటి స్కానులను బట్టి 2008లోఁ దేలినదేమన, గుండెచుట్టు క్రొవ్వు హెచ్చుగా నున్నవారి ధమనులలో సున్నమును హెచ్చుగా నున్నది. పొట్టలోని క్రొవ్వును లెక్కించి తీసివేసినను ఆ సంబంధము నిలిచెను. రెండును గలసి యుండుటచేత నొకటి రెండవదానికిఁ గారణమని తేలదు, అది వేఱుగా నిరూపింపవలసినది. 2018లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు ప్రకటించినది నాకు మఱింత విచిత్రముగాఁ దోఁచినది. ధమని గోడలో వాపు పుట్టినచో, దానినుండి వెలువడు పదార్థములు ప్రక్కనున్న క్రొవ్వుకణములను నిండనీయవు. చమురు తగ్గి నీరు హెచ్చును. హౌన్స్‌ఫీల్డు అంకె సున్నవైపు జరుగును. అట్టివారిలో హృద్రోగమరణములు హెచ్చుగా నుండెను. అనఁగా క్రొవ్వు ధమనిని బాధించుట యేకాక, ధమని బాధను క్రొవ్వు తెలుపుచున్నది.

ఇది విని క్రొవ్వు కొలిపించుకొనుటకై ఎవ్వరును బెజవాడకుఁ బరుగెత్త నక్కఱలేదు. ఈ పరీక్షకు ఖర్చు గలదు, కిరణములును శరీరమునఁ బ్రవేశించును. ఱొమ్మున బిగువు, చెమట, ఆయాసము కలిగినచో గ్యాసనుకొని సోడా త్రాగి పరుండక, ఆ గడియలోనే ఆసుపత్రికిఁ బోయి ఇ.సి.జి. తీయించుకొనవలెను.

మన దేశస్థుల గుండెలను ప్రత్యేకముగాఁ జూచిన పరిశోధన యొకటి 2010లో అమెరికాలో నారంభమైనది. దాని పేరు మసాలా! శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతములలో నివసించు దక్షిణాసియావాసులు 906 మంది అందుఁ జేరిరి. పురుషుల ధమనులలోని సున్నము తెల్లవారితో సమానముగాను, అచటి నల్లవారి, చీనావారి కంటె హెచ్చుగాను గనఁబడెను. 2015–2018 నడుమ వారిని మరలఁ బిలిచి పరీక్షించిరి.