భద్రత బిల్లులకు గవర్నర్ వీటో: కాలిఫోర్నియాలో చూపిన కారణాలు

కాలిఫోర్నియాలో గవర్నరును ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. ఆయన ఏదైనా బిల్లును తిరస్కరిస్తే కారణాలు తెలుపుతూ చట్టసభకు తిప్పిపంపవలసి ఉంటుంది.

డ్రైవరు లేకుండా నడిచే భారీ లారీల్లో శిక్షణ పొందిన మనిషి ఒకరు తప్పనిసరిగా ఉండాలన్న బిల్లును అక్కడి ఉభయసభలు 2023లో అత్యధిక మెజారిటీతో ఆమోదించాయి. 10,001 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర టన్నులు, ఆపై బరువున్న వాహనాలకు ఇది వర్తించేది. రహదారి భద్రతతోపాటు వేలాది డ్రైవర్ల జీవనోపాధి కూడా దీనితో ముడిపడి ఉండటంతో కార్మిక సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి. అయినప్పటికీ గవర్నర్ గావిన్ న్యూసమ్ సెప్టెంబరు 22న వీటో చేశారు. ఇటువంటి వాహనాలను నియంత్రించే అధికారం 2012 నాటి చట్టంతోనే మోటారు వాహనాల శాఖకు సంక్రమించిందని, కనుక ఈ బిల్లు అనవసరమని ఆయన పేర్కొన్నారు. సంఘాలకు ఈ సమాధానం రుచించలేదు. 2024లో ఇదే కోవకు చెందిన మరో బిల్లుకూ అదే గతి పట్టింది.

వేగపరిమితిని 10 మైళ్లు మించగానే డ్రైవరును హెచ్చరించే ఏర్పాటును 2030 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి చేసే బిల్లునూ 2024 సెప్టెంబరులో ఆయన తిరస్కరించారు. వాహన ప్రమాణాలు ఫెడరల్ ప్రభుత్వ పరిధిలోనివని, రాష్ట్రానికో నిబంధన తగదని కారణం చూపారు.

మూడింట రెండొంతుల మెజారిటీతో వీటోను తోసిపుచ్చే అధికారం ఉభయసభలకు ఉన్నా, అక్కడ దశాబ్దాలుగా దానిని వినియోగించిన దాఖలా లేదు. మన రాజ్యాంగం 200వ అధికరణం ప్రకారమైతే, గవర్నరు తిప్పిపంపిన బిల్లును సభ తిరిగి ఆమోదిస్తే ఆయన సమ్మతి నిరాకరించరాదు.