వస్త్రశాలలో వాద్యగోష్ఠి

మన దేశంలో సంగీతానికి చిరకాలం నెలవులు రెండే: రాజాస్థానం, దేవాలయం. తంజావూరు నాయకరాజుల కొలువు మొదలు విజయనగరం గజపతుల దాకా విద్వాంసుడికి అన్నం పెట్టినది ప్రభువే. ఐరోపాలోనూ చాలాచోట్ల అదే తీరు. జర్మనీలోని లైప్జిగ్ మాత్రం ఆ వరుసలో చేరదు. రాజు కొలువు డ్రెస్డెన్‌లో ఉండేది. లైప్జిగ్ సంతలకు, పుస్తక ముద్రణకు పేరుపడిన వర్తకుల ఊరు.

1743లో ఆ ఊరి వర్తకులు, పురప్రముఖులు సొంత ఖర్చుతో పదహారుమంది వాద్యకారులతో కచేరీలు మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ‘మూడు హంసలు’ అనే పూటకూళ్లింట గోష్ఠి సాగింది. 1781లో బట్టల వర్తకుల భవనం పైభాగాన సభాశాల కట్టించారు. ‘గెవాండ్‌హౌస్’ అంటే వస్త్రశాల అనే అర్థం. ఆ పేరే వాద్యబృందానికి స్థిరపడింది. అందులో శ్రోతలు వేదిక వైపు తిరిగి కాక, ఒకరికొకరు అభిముఖంగా కూర్చునేవారట! సంగీతం వినడంతోపాటు ఊరు తన్ను తాను చూసుకునేదన్నమాట. ఆ వాద్యకారులే ఒకనాడు సభలో, ఒకనాడు నాటకశాలలో, ఆదివారం సెయింట్ థామస్ చర్చిలో వాయించేవారు. ఇప్పటికీ ఆ మూడు బాధ్యతలూ ఆ బృందానివే.

1835లో ఫెలిక్స్ మెండెల్సన్ ఈ బృందానికి సారథి అయ్యాడు. (‘కండక్టర్’ అంటే మనకు బస్సు తలపుకు వస్తుంది గనుక సారథి అంటున్నాను.) మరుగునపడిన బాఖ్ కృతులను సభకెక్కించాడు. షూబర్ట్ పెద్ద సి మేజర్ సింఫనీని 1839లో తొలిసారి వినిపించాడు. 1843లో సంగీత కళాశాల స్థాపించాడు. వాద్యకారుల జీతాల కోసం నగరపాలకులతో వాదించాడు కూడా. నాకు ఆయనపై గౌరవం కలిగినది ఇక్కడే.

1892లో సభాభవనం ముందు ఆయన విగ్రహం నిలిపారు. యూదు వంశంలో పుట్టాడన్న కారణంతో 1936లో నాజీలు దాన్ని పెకలించారు. మేయర్ గోర్డెలర్ ఊళ్లో లేని సమయం చూసి చేసిన పని అది. ఆయన పదవి వదిలేశాడు. 2008లో గాని ఆ విగ్రహానికి ప్రతిరూపం నగరంలో వెలయలేదు. ఊరంతా కలిసి పోషించుకున్న కళకు ఊరిలోనే ద్రోహం జరగదని చెప్పలేము!

యుద్ధంలో ఆ భవనమూ కూలింది. బృందం చాలాకాలం పరాయి పంచన వాయించి, 1981లో కొత్త మందిరం చేరింది. అప్పటి సారథి కుర్ట్ మజూర్. తిరుగుబాటుదారు కాడు, తూర్పు జర్మనీ ప్రభుత్వ సత్కారాలు అందుకున్నవాడే. అయితే 1989 జూన్‌లో వీధిలో పాడుకుంటున్న గాయకులను పోలీసులు పట్టుకుపోయినప్పుడు, ఆగస్టులో వారినీ అధికారులనూ మందిరానికి పిలిచి చర్చ జరిపించాడు. ఇంతటి సింఫనీ సారథికి వీధిపాటగాళ్లతో ఏమి పని అని అక్కడా అడిగినవారుండే ఉంటారు.

అక్టోబరు 9న సుమారు డెబ్బైవేలమంది వీధుల్లోకి వచ్చారు. ఎదుట సాయుధ బలగాలు. మజూర్, ఒక మతాచార్యుడు, ఒక హాస్య కళాకారుడు, ముగ్గురు పార్టీ కార్యదర్శులు కలిసి శాంతి వహించమని విజ్ఞప్తి రాశారు. దాన్ని మజూర్ చదవగా ఊరి లౌడ్‌స్పీకర్లన్నీ వినిపించాయి. ప్రకటనలంటే విసిగిపోయిన జనం ఆ గొంతును గుర్తుపట్టారు. తుపాకి పేలలేదు. నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది.

ఆ రాత్రి గెవాండ్‌హౌస్‌లో కచేరీ యథావిధిగానే జరిగింది.