డెడ్‌లైన్ అంటే లైన్ డెడ్ కాదు

ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను. ఇది వైరింగ్ పనిలో ఉన్న తమ్ముళ్ల కోసం.

2011 జూలై, షార్జాలో ఒక సైటు. పదింటికల్లా డీబీ కనెక్షన్లు పూర్తి కావాలని ఇంజనీర్ మెసేజ్ పెట్టాడు. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు పోరగాళ్లకు చెప్పిన: "పది గంటలకు డెడ్‌లైన్". పది దాటినంక చూస్తే, మన నిజామాబాద్ పిల్లగాడు ఒకడు మెయిన్ డీబీ మూత తీసి స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డడు.

"టెస్టర్ పెట్టి చూసినవా?"

"మీరే అన్నరు గదన్నా, పదింటికి లైన్ డెడ్ అని."

టెస్టర్ పెడితే వెలిగింది. నా చేతులు వణికినయ్. వాణ్ని తిట్టబుద్ధి కాలేదు. ఐటీఐలో మాకు నేర్పింది కూడా అదే కదా, కరెంటు లేని లైను డెడ్ లైను. వాడు తెలిసిన అర్థమే తీసుకున్నడు.

అసలు ఈ మాట ఎక్కడ పుట్టిందో చాలా ఏళ్ల తర్వాత చదివాను. అమెరికా అంతర్యుద్ధ కాలంలో, 1864లో, జార్జియా రాష్ట్రం ఆండర్సన్‌విల్‌లో యుద్ధ ఖైదీల క్యాంపు తెరిచారు. చుట్టూ దుంగల గోడ. గోడకు సుమారు 19 అడుగుల లోపల గుంజలు పాతి, మీద సన్న కర్ర కొట్టారు. అదే డెడ్‌లైన్. అది దాటినవాణ్ని కావలివాడు పైనుంచి కాల్చేయొచ్చు. ఖైదీలు తాగాల్సిన వాగు మురికిపట్టిపోయింది. కాస్త తేట నీళ్ల కోసం ఆ కర్ర కింద చెయ్యి చాపి ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్నారని బతికి బయటపడ్డ ఖైదీలు చెప్పారు. క్యాంపులో ఉన్న సుమారు 45,000 మందిలో దాదాపు 13,000 మంది చనిపోయారు, ఎక్కువమంది రోగాలతో, ఆకలితో. జైలు అధికారి హెన్రీ విర్జ్‌ను 1865 నవంబర్ 10న ఉరితీశారు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా పత్రికల ఆఫీసులు ఈ మాటను వార్త అందాల్సిన గడువుకు వాడుకున్నాయి. అట్ల తిరిగి తిరిగి మన సైట్లకొచ్చింది.

మా మేస్త్రీ ఒకాయన పని తొందరగా అయిందన్న సంబరంతో "డెడ్‌లైన్ క్రాస్ చేసినం సార్" అన్నడు. పని ఆలస్యమైందనుకుని ఇంజనీర్ మొహం మాడ్చుకున్నడు. పాపం, ఆయనకు దాటడమంటే గెలవడమే.

ఇంజనీర్ మెసేజుల్లో ఇప్పటికీ డెడ్‌లైన్ అనే వస్తది. నేను మాత్రం "పదింటికల్లా అయిపోవాలె" అంటా. కరెంటుకు వేరే మాట: "సప్లై బంద్ చేసిన, తాళం వేసిన, చెవి నా జేబుల ఉంది." అయినా టెస్టర్ పెట్టిస్తా.