కొండోజు కత్తి పదును

అళియ రామరాయలకు గడ్డం గీసిన కొండోజు అనే మంగలి తన పనితనంతో ఆయన్ను మెప్పించి, తనొక్కడికే కాదు, విజయనగర రాజ్యంలోని మంగళ్లందరికీ పన్నుల మాఫీ తెచ్చాడు. 1540ల నాటి మాట. పేరుకు రాజు సదాశివరాయలు, పెత్తనం రామరాయలది. ఆ మాఫీని చెప్పే శాసనాలు తెలుగు, కన్నడ సీమల్లో ఎన్నో ఊళ్లలో రాళ్లకెక్కాయి. బాదామి శాసనమైతే ఏయే భారాలు తీసేశారో విడివిడిగా చెబుతుంది. వెట్టి పోయింది, పన్ను పోయింది, చివరికి మహానవమి కాగడాల కింద కట్టేది కూడా పోయింది. విజయనగరం అనగానే అందరికీ యుద్ధాలు, ఏనుగులు, రత్నాల అంగళ్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఈ రాళ్లే ముద్దు. ఒక చేతివృత్తివాడి నేర్పును రాజ్యం ఇంత బాహాటంగా ఒప్పుకున్న సందర్భాలు మన చరిత్రలో చాలా తక్కువ.

గడ్డం గీయడం అంత గొప్ప పనా అనిపించవచ్చు. 2020లో ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక సంగతి బయటపెట్టారు. క్షవరపు బ్లేడు ఉక్కు వెంట్రుక కంటే దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుకే ఉక్కును పాడు చేస్తుంది. వెంట్రుక ఒరిగి, అంచుకు ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి అల్లిక ఒకేలా లేని చోట అంచు పెచ్చులూడుతుందట. సూక్ష్మదర్శిని కింద తేలిన ఈ మాట రచ్చకట్ట మీద పొది విప్పి కూర్చునే పెద్దమనిషి వేళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. అందుకే ఆయన తొందరపడడు. చిన్న గిన్నెలో నీళ్లు ముంచి గడ్డాన్ని వేళ్లతో బాగా నానబెడతాడు. నానిన వెంట్రుక మెత్తబడి తేలిగ్గా తెగుతుంది. ఎడమ బొటనవేలితో చర్మం లాగి పట్టి, కత్తిని దాదాపు చర్మానికి ఆనించినట్టే నడుపుతాడు. మధ్యలో ఆగి అరచేతికేసి కత్తిని అటొకసారి ఇటొకసారి రాస్తాడు. అనుమానం వస్తే ఒక్క వెంట్రుకను రెండు వేళ్ల మధ్య నిలబెట్టి అంచు తాకిస్తాడు. చప్పుడు లేకుండా తెగి పడితే పదునున్నట్టు. వంగితే మళ్లీ సానరాయి తీయాల్సిందే.

కొండోజు కాలపు తలలు ఎలా ఉండేవో చూడాలంటే లేపాక్షికి వెళ్లాలి. 1530లలో విరూపన్న, వీరన్న సోదరులు కట్టించిన వీరభద్రాలయం కప్పు మీది బొమ్మల్లో మగవాళ్లు పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని నిలబడి ఉంటారు. తిరుమలలోని కృష్ణదేవరాయల విగ్రహం తల మీదా అదే కుళ్లాయి. జుట్టంతా దాని కింద దాగితే, లోకానికి కనిపించేది గీసిన గడ్డం, దిద్దిన మీసమే. రామరాయలంతటివాడు కొండోజు చేతికి ఎందుకంత విలువ ఇచ్చాడో ఆ బొమ్మల ముందు నిలబడితే అర్థమవుతుంది. ఆడవాళ్ల సంగతి వేరు. పెద్ద పెద్ద కొప్పులు, వాటి నిండా పూలు. కత్తి సోకని ఆ జుట్టు మెరుగంతా దువ్వెనదీ నూనెదీ. ఆ బొమ్మల్లో నల్లరంగు కొప్పు నునుపు చూసి చాలాసేపు కదల్లేకపోయాను.

1565లో తళ్లికోట తర్వాత రాజధాని పెనుగొండకు చేరింది. పన్ను పోయిన మంగళ్లకు ఆ తర్వాత ఎన్నాళ్లు సుఖం దక్కిందో శాసనాలు చెప్పవు. మళ్లీ వాళ్లు కాగితం మీద కనిపించేది దత్తమండలాల కలెక్టరు మన్రో 1806లో అనంతపురం నుంచి పంపిన నివేదికలో. ఊరిని నిలబెట్టే పన్నెండు మంది ఆయగాండ్ల గురించి అందులో ఉంది. ఆ పన్నెండు మందిలో మంగలీ ఉంటాడు. కళ్లంలో రైతు కొలిచే మేర ఆయన ఏడాది కూలి. ఆయన క్షవరంతో ఆగేవాడు కాదు. కురుపు కోసేవాడు, పెళ్లికి సన్నాయి ఊదేవాడు. ఇంట్లో ఆడమనిషి మంత్రసాని. వాన తప్పి కళ్లం ఖాళీ అయిన ఏడు మేరా లేదు. అయినా ఊళ్లో గడ్డాలు పెరగకుండా ఉండవు, కాన్పులు ఆగవు. ఆ బాకీ ఎవరూ తీర్చలేదు.

ఆ తర్వాతిది యంత్రాల కథ. జిలెట్‌కు 1904లో పేటెంటు వచ్చింది, లియో వాల్ కరెంటు మిషనుకు 1921లో. జుట్టుముడులు పోయి క్రాపులు వచ్చాయి. 1990లలో హెచ్‌ఐవీ భయంతో పిడిలో విరిచిన సగం బ్లేడు పెట్టి, వాడి పారేయడం రివాజైంది. అది మంచిదే, తప్పనిసరి కూడా. కానీ దానితోపాటు అంచును నిలబెట్టే విద్య పోయింది. సానరాయి, తోలుపట్టీ, అరచేయి, మూడింటికీ పని లేకపోయింది. నాకు బాధనిపించేది అక్కడే. పదును లేని పనిముట్టుకు మూల్యం కట్టేది వెంట్రుకే.

ప్రతి వెంట్రుకకూ పైన కొన్ని వరుసల పొలుసులుంటాయి, ఇంటి కప్పు మీది పెంకుల్లా, మొన కొసవైపు తిరిగి. ఒక పొడవాటి వెంట్రుకను వేళ్ల మధ్య పెట్టి కుదురు నుంచి కొసకు లాగితే జారుతుంది, కొస నుంచి కుదురుకు లాగితే పట్టుకుంటుంది. ఆ పొలుసులు అంటుకుని పడుకుంటే వెలుతురు ఒకే దిక్కుకు తిరిగి వస్తుంది. మనం నిగనిగ అనేది దాన్నే. మొద్దుబారిన కత్తెర వెంట్రుకను కోయదు, నలుపుతుంది. పొడి జుట్టు మీద బ్లేడును ఏటవాలుగా గీరితే పొలుసు లేచి లోపలి పోగు బయటపడుతుంది. అనంతపురం ఎండుగాలికి ఆ కొస త్వరగా చిట్లుతుంది. కత్తిరింపు చిట్లిన కొసను అతకదు, చీలిక పైకి పాకకుండా ఆపుతుంది, అంతే. జుట్టు నెలకు సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది కాబట్టి నడుము దాకా ఉన్న జడ కొస అయిదారేళ్ల ఎండను మోసినది. దాన్ని కోసే కత్తెరకు పదును లేకపోవడం అన్యాయం. మీరట్ కత్తెర్లకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని మళ్లీ మళ్లీ సాన పట్టి తరాల పాటు వాడతారు. సైకిలు చక్రానికి సానరాయి బిగించుకుని వీధిలో కేకేసే మనిషి వస్తే మన ఊళ్లోనూ ఆపి పనివ్వాలి.

గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందనే నమ్మకం కదిరిలో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించే ప్రతి కుటుంబంలోనూ వినిపిస్తుంది. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రవేత్త గడ్డాలు గీయించి కొలిచి, గీస్తే వెంట్రుక పెరుగుదల మారదని తేల్చింది. కొత్తగా మొలిచే కొస మొండిగా ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా, ఒత్తుగా తోస్తుంది. మొక్కు మొక్కే, దానికి ఈ లెక్కతో పని లేదు.

అనంతపురం జిల్లాలో కత్తెరకన్నా ముందు నీళ్ల సంగతి చెప్పుకోవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన, మిగతాదంతా బోరు. పప్పు ఉడకని నీళ్లతో సబ్బు కూడా నురగ పట్టదు. అందులోని కాల్షియం సబ్బుతో కలిసి జిగట మడ్డిగా మారి వెంట్రుకకు అంటుకుంటుంది. ఎంత మంచి కత్తెరతో కోయించినా జుట్టు మసకేస్తుంది. కుంకుడు రసానికి ఈ తంటా లేదు, దానిలోని నురగ పదార్థం కాల్షియంతో గడ్డకట్టదు. ముసలమ్మలు తలస్నానానికి వాన నీళ్లు పట్టి దాచింది, కుంకుడుకాయలు కొట్టింది ఊరికే కాదు. ఆముదం కూడా అంతే, లేచిన పొలుసుల మీద పూతగా కూర్చుంటుంది.

వెంట్రుక విలువ ఎక్కడ తేలుతుందో తెలుసుకోవాలంటే తలనీలాల వేలం చూడాలి. తిరుమలలో 2011 నుంచి ఇది ఆన్‌లైన్లోనే జరుగుతోంది. కల్యాణకట్టలో పొడవాటి జుట్టును ముందే పాయగా ముడివేసి ఒక్క దెబ్బలో గీస్తే కుదుళ్లన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు ఉంటాయి. పొలుసులన్నీ ఒకే దిక్కుకు తిరిగి ఉన్న ఆ జుట్టుకే విగ్గుల వ్యాపారంలో పెద్ద ధర. వీధుల్లో స్టీలు గిన్నెలిచ్చి కొనే దువ్వెన చిక్కులది తర్వాతి మెట్టు. అవి పొరుగు కర్ణాటకలోని కొప్పళ్ జిల్లా భాగ్యనగర్‌కు పోతాయి. అక్కడ ఆడవాళ్లు రోజంతా కూర్చుని ఆ ఉండలను పోగు పోగుగా విడదీస్తారు. ఎంత విడదీసినా కుదురూ కొసా కలగలిసే ఉంటాయి కాబట్టి, ఆ తర్వాత కర్మాగారాల్లో చాలా సరుకును యాసిడ్‌లో ముంచి పొలుసులే కరిగించేసి, పైన సిలికాన్ పూత వేస్తారు. ఆ మెరుపు కొన్ని తలస్నానాల దాకే నిలుస్తుంది. పూత పోయాక విగ్గు చిక్కుపడుతుంది, దాన్ని మళ్లీ నునుపు చేయడానికి మిగిలిన పొలుసంటూ ఉండదు.