అర్ధబలం: విజయనగర కాలపు ఒక దినచర్య

పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో విజయనగరాన్ని సందర్శించాడు. శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) మధ్యరకం ఎత్తరి అనీ, పచ్చని మేనిఛాయ కలవాడనీ, సన్నగా కాక కొంత స్థూలంగానే ఉంటాడనీ, ముఖాన స్ఫోటకపు మచ్చలున్నాయనీ రాసిన ఆయనే ఆ ప్రభువు ప్రాతఃకాల దినచర్యను కూడా నమోదు చేశాడు. రాబర్ట్ సీవెల్ 1900లో ప్రచురించిన ఆంగ్లానువాదం ద్వారా ఆ కథనం చరిత్రకారులకు సుపరిచితమైంది.

తెల్లవారక మునుపే రాయలు నువ్వుల నూనె తాగేవాడు. ఆ పరిమాణం ముప్పాతిక పైంటని సీవెల్ లెక్క. అదే నూనెను ఒళ్లంతా పట్టించుకుని, చిన్న వస్త్రం మాత్రం కట్టుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులను ఎత్తేవాడు. పిదప కత్తి పట్టి, నూనె అంతా చెమటగా వెలికివచ్చేదాకా సాము చేసేవాడు. ఆ తరువాత తన మల్లులలో ఒకరితో కుస్తీ. అనంతరం గుర్రమెక్కి వేకువ వరకు మైదానంలో స్వారీ. అటుపిమ్మట ఒక బ్రాహ్మణుడు ఆయనకు స్నానం చేయించేవాడు. నగరులోని దేవాలయంలో పూజ ముగిసిన తరువాతనే రాజకార్యాలు.

చీకటి విడవకముందు రాజప్రాసాదంలో జరిగిన దానిని ఒక విదేశీయుడు కళ్లారా చూశాడని నమ్మడం కష్టం. విన్నదే రాసి ఉండవచ్చు. అయినా ఆ వరుస కల్పితంగా తోచదు. ఈ కథనాన్ని రాయల దేహదార్ఢ్యానికి నిదర్శనంగా ఉదహరించడం పరిపాటి. బరువులూ కుస్తీ అందరి దృష్టినీ ఆకర్షించాయి గాని, వాటికి ముందున్న నూనె, వెనుకనున్న స్నానం అంతగా చర్చకు రాలేదు. నిజానికి ఈ దినచర్యకు ఆయువుపట్టు అక్కడే ఉంది.

వాగ్భటుని ‘అష్టాంగ హృదయం’లోని దినచర్యాధ్యాయం అభ్యంగం, వ్యాయామం, మర్దనం, స్నానం అనే క్రమాన్ని పాటిస్తుంది. వ్యాయామం వల్ల దేహానికి తేలికదనం, పనిచేసే శక్తి, జఠరదీప్తి కలుగుతాయనీ, కొవ్వు తగ్గుతుందనీ చెప్పిన ఆ ఆచార్యుడే దానికి హద్దు కూడా గీశాడు. బలవంతుడు, స్నిగ్ధాహారం తినేవాడు సైతం శీతకాలంలోనూ వసంతంలోనూ తన శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలి. తక్కిన ఋతువులలో అంతకన్నా తక్కువ. ముగించిన వెంటనే శరీరమంతటినీ హాయిగా మర్దించాలి. మితిమీరితే దప్పిక, క్షయం, ఆయాసం, దగ్గు, జ్వరం తప్పవు. ఏనుగును ఈడ్చబోయిన సింహంతో అతివ్యాయామపరుణ్ణి ఆయన పోల్చాడు. బలంలో సగం ఎక్కడ ముగుస్తుందో తెలిసేదెట్లా అన్న ప్రశ్నకు సుశ్రుత సంహిత సమాధానమిస్తుంది: హృదయస్థానంలోని వాయువు నోటికి వచ్చినప్పుడు, అంటే నోటితో ఊపిరి పీల్చవలసి వచ్చినప్పుడు.

ఈ కొలత ప్రకారం చూస్తే రాయలు హద్దు దాటాడనే చెప్పాలి. బరువులు, కత్తిసాము, కుస్తీ, స్వారీ ఒకే పూట చేసిన మనిషి నోటితో ఊపిరి పీల్చకుండా ఉండలేడు. అయితే స్వయంగా సైన్యాన్ని నడిపి 1520లో రాయచూరు యుద్ధం చేసిన రాజు అవసరం వేరు, వైద్యుడు దృష్టిలో పెట్టుకున్న గృహస్థు అవసరం వేరు. గమనించవలసినది మరొకటి: శ్రమ ఎంత పెరిగినా దానికి అటూ ఇటూ ఉన్న ఉపశమన విధిని ఆయన వదలలేదు.

మహానవమి ఉత్సవాలలోని మల్లుల స్థితి ఇందుకు భిన్నం. అక్కడి దెబ్బలకు పళ్లు రాలేవనీ, కళ్లు పోయేవనీ, కొందరిని మాట పడిపోయిన స్థితిలో మిత్రులు మోసుకుపోయేవారనీ అదే పేస్ రాశాడు. హంపీలోని మహానవమి దిబ్బ శిల్పాలలో మల్లులు నేటికీ కనిపిస్తారు. మోసుకుపోయినవారు ఎవరూ శిల్పమెక్కలేదు. ఒకే నగరం, ఒకే విద్య. ఒకచోట దేహాన్ని నిలుపుకోవడం కోసం, మరొకచోట వేడుక కోసం.

పాత సంప్రదాయం తరువాతి కాలంలో పూర్తిగా తెగిపోలేదు. వీరఘట్టంలో జన్మించి, ఛాతీకి బిగించిన గొలుసులను తెంచి, రొమ్ముపై ఏనుగును నిలిపి ఖ్యాతి గడించిన కోడి రామమూర్తి నాయుడు (మరణం 1942) ప్రాణాయామాన్ని తన సాధనలో భాగం చేసుకున్నాడు. కుస్తీ గోదాలలో మట్టిని నూనె, పసుపు, మజ్జిగ వంటివి కలిపి మెత్తన చేసే ఆచారమూ ఈ కోవలోనిదే. అభ్యాసం కాగానే ఒకరి ఒళ్లు ఒకరు మర్దించుకున్న తరువాతగాని మల్లులు గోదా విడిచి వెళ్లేవారు కారు.