గబ్బిలం లెక్కించే మాత్ర

అమరకోశంలో గబ్బిలానికి జతుక అనీ, అజినపత్ర అనీ పేర్లు కనిపిస్తాయి. అజినమంటే తోలు, పత్రమంటే రెక్క. అమరసింహుడు రెక్కను చూచి పేరు పెట్టాడు. దాని చెవి మహిమను గుర్తించడానికి లోకానికి మరెన్నో శతాబ్దాలు పట్టింది. ఆ చరిత్రను మా సీమ గుహల నుండి మొదలుపెడతాను.

శ్రీశైలం నుండి నల్లమల దాటి నైఋతికి వస్తే బేతంచెర్ల సున్నపురాతి నేల. అక్కడి బిల్లసర్గం గుహలను గురించి న్యూబోల్డ్ 1844లో వ్రాశాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ త్రవ్వకాలు సాగించారు. దొరికిన ఎముకలను లిడెక్కర్ 1886లో వర్ణించాడు. వాటిలో గబ్బిలాలవీ ఉన్నాయి. అంటే ఈ చీకటిలో అవి మనకంటే పాత కాపులు.

అయితే చీకటిలో దారెలా తెలుస్తుంది? ఇటలీలో స్పల్లాంజానీ 1793లో ఈ ప్రశ్న వేసుకున్నాడు. కటిక చీకటిలో గుడ్లగూబ తడబడింది, గబ్బిలం తడబడలేదు. కన్నులు పోగొట్టిన గబ్బిలాలు సైతం తిరిగి గూటికి చేరాయి. వాటి కడుపు కోసి చూస్తే నిండా పురుగులే. జెనీవా వైద్యుడు జురీన్ చెవులు మూసి చూచాడు. అవి అడ్డంకులకు గుద్దుకొన్నాయి. సత్యం చేతికి చిక్కినట్టే. కాని అక్కడ ఏ శబ్దమూ మనిషికి వినిపించలేదు. మహాపండితుడు కువియే అది స్పర్శజ్ఞానమే అన్నాడు. లోకం ఆయన మాటే నమ్మింది.

నూటనలభై ఏళ్లకు పైగా గడిచాక, 1938లో, హార్వర్డ్ విద్యార్థి డొనాల్డ్ గ్రిఫిన్ తన గబ్బిలాలను భౌతికశాస్త్రజ్ఞుడు పియర్స్ యంత్రం ముందుకు తెచ్చాడు. మన చెవికి అందని కేకలు ఆ యంత్రానికి అందాయి. తరువాత గాలంబోస్‌తో కలిసి ప్రతిధ్వనియే వాటికి దారి చూపుతున్నదని నిరూపించాడు.

ఇక లెక్క సంగతి. రెప్పపాటు కాలం ఒక మాత్ర అని మన శిక్షాగ్రంథాలు చెబుతాయి. ఛందస్సులో లఘువుకు ఒకటి, గురువుకు రెండు. గబ్బిలానికి ఈ మాత్ర మహాయుగం వంటిది! మీటరు దూరంలోని పురుగును తాకి కేక తిరిగి రావడానికి పట్టేది సుమారు 6 మిల్లీసెకన్లే. రెప్పపాటు 100 మిల్లీసెకన్లకు తక్కువ కాదు.

అంత సూక్ష్మకాలాన్ని మెదడు ఎలా కొలుస్తుంది? 1970ల చివర నొబువో సుగా, ఓనీల్ అమెరికా ఖండపు మీసాల గబ్బిలంలో దీనిని పరిశీలించారు. కేకకు కలిగిన స్పందనను మెదడు కొంత ఆలస్యం చేసి ఆపి ఉంచుతుంది. వెనుక వచ్చిన ప్రతిధ్వని స్పందన సరిగ్గా దానితో కలిసిన క్షణాననే ఒక నాడీకణం గట్టిగా పలుకుతుంది. ఒక్కొక్క కణానికి ఒక్కొక్క ఆలస్యం, 0.4 నుండి 18 మిల్లీసెకన్ల వరకు. అవి వరుసగా అమరి ఉంటాయి. అంటే కాలమే అక్కడ దూరపు పటమైంది. మన వైపు గుర్రపునాడా గబ్బిలం మెదడులోనూ ఇటువంటి కణాలున్నాయని 1991లో వెల్లడైంది. మదురై పరిశోధకులు, జర్మన్ శాస్త్రజ్ఞుడు నాయ్‌వైలర్ బృందం దక్షిణదేశపు గబ్బిలాల కేకలను ఎంతో శ్రద్ధగా విన్నారు.

విన్నవారు కొందరే. మన 1972 నాటి వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకులతోపాటు హానికర జీవుల పట్టికలో చేర్చింది. 2022 సవరణతోగాని ఆ పట్టిక తొలగలేదు. 2020లో మహమ్మారి భయంతో పలుచోట్ల వాటి గూళ్లపై దాడులు జరిగాయి. దక్షిణాసియా శాస్త్రజ్ఞులు వద్దు వద్దని విన్నవించుకోవలసి వచ్చింది. ఇటు బేతంచెర్ల నేల నాపరాళ్ల గనులకు ప్రసిద్ధి. చెవితో బ్రతికే ప్రాణికి పేలుడు శబ్దమెటువంటిదో వేరే చెప్పాలా?

గుర్రం జాషువా 1941లో 'గబ్బిలం' వెలువరించారు. గుడిలోకి రానివ్వని మనిషి తన మొరను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. అశుభమని మనం తరిమిన ప్రాణికే ఆ కవి దూత్యమిచ్చాడు. అప్పటికి గ్రిఫిన్ యంత్రం ఆ కేకను పట్టుకొని మూడేళ్లే. వినబడనిది లేనట్టు కాదని ఇద్దరూ ఒకే కాలంలో చెప్పారు. ఒకరు యంత్రంతో, ఒకరు పద్యంతో.