ఇంటూ గుర్తు

1973 జూన్. అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ. బట్టలు ఒంటికి అతుక్కుపోయే ఉక్కపోత. సర్కారు కట్టించిన పేదల ఇళ్ల దగ్గరికి కుటుంబ నియంత్రణ క్లినిక్ నర్సు వచ్చింది. పిల్లలకి సూదిమందు వేయించాలి, బయల్దేరమంది.

అక్కడుండే రెల్ఫ్ కుటుంబానికి ఆ సూది కొత్త కాదు. డెపో-ప్రొవేరా. కడుపు రాకుండా వేసేది. వాళ్లమ్మాయిల్లో మినీ లీకి 14 ఏళ్లు, మేరీ ఆలిస్‌కి 12. ఈ వయసు పిల్లలకి ఆ మందెందుకని అడిగే నాథుడు లేడు. నల్లవాళ్లు, బీదవాళ్లు, సర్కారు సాయం మీద బతుకీడుస్తున్నవాళ్లు. తల్లి ఇద్దర్నీ వెంటబెట్టుకుని కదిలింది. ఆస్పత్రిలో ఆమె ముందుకి ఒక కాగితం వచ్చింది.

ఆమెకి చదువు రాదు. ఎప్పటి సూదులకే అనుకుంది. కలం అందుకుంది. ఒక గీత. దాని మీద ఇంకో గీత. ఇంటూ గుర్తు. ఆమెని ఇంటికి పంపేశారు. పిల్లల్ని పంపలేదు.

అటు నర్సు మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది. ఈసారి పెద్దమ్మాయి కేటీ కోసం. 17 ఏళ్ల పిల్ల. గదిలోకి దూరి లోపల గడియ పెట్టేసుకుంది. రానంటే రానంది. ఆ గడియ ఆమెని దేన్నుంచి తప్పించిందో అప్పటికి ఆమెకీ తెలియదు.

ఆస్పత్రి వార్డు. మినీ లీకి బెదురు పుట్టింది. అక్కడున్న ఒక రోగిని చిల్లర అడిగి, ఆ నాణేలతో పొరుగింటికి ఫోన్ చేసి, అమ్మకి కబురందించి, వచ్చి మమ్మల్ని తీసుకెళ్లిపో అని వేడుకుంది. తల్లికి బండి లేదు. తెల్లారిపోయింది.

ఆ సూదిమందుతో జంతువులకి క్యాన్సర్ వస్తోందని తేలడంతో క్లినిక్‌లో దాన్ని ఆపేశారు. సూది ఆపారు సరే. పిల్లల్ని వదిలెయ్యొచ్చుగా? ఇలాంటివి అంతకుముందూ జరిగాయి. పొరుగున మిసిసిపీలో 1961లో, తర్వాత పౌరహక్కుల నాయకురాలైన ఫానీ లూ హేమర్ కణితి తీయించుకోడానికి వెళితే గర్భసంచినే తీసేశారు. అక్కడి నల్ల ఆడవాళ్లలో అది ఎంత మామూలంటే, దానికి ‘మిసిసిపీ అపెండెక్టమీ’ (మిసిసిపీ అపెండిక్స్ ఆపరేషన్) అని పేరే పడిపోయింది. మన దగ్గర మాత్రం? సరిగ్గా పుష్కరం తిరిగాక, 1985లో, పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే ఇంకో సూది కోసం ఆడవాళ్లని పోగేశారు. అది ప్రయోగమని వాళ్లకి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది.

మాంట్‌గోమరీలో పిల్లలిద్దరికీ మత్తిచ్చారు. మెలకువ వచ్చేసరికి పొట్ట మీద కుట్లు. ఇక ఈ జన్మలో పిల్లలు పుట్టరు. తల్లి గీసిన రెండు గీతలు ఆ ఆపరేషన్‌కి ఒప్పుకోలు.

అమ్మానాన్నలు సదరన్ పావర్టీ లా సెంటర్ లాయర్ల సాయంతో కోర్టుకెక్కారు. 1974 మార్చిలో జడ్జి గెర్హార్డ్ గెసెల్ తీర్పులో ఒక లెక్క రాశాడు. కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో ఏటా లక్ష నుంచి లక్షన్నర మంది పేదలకి ఈ ఆపరేషన్లు. కొందరినైతే ఒప్పుకోకపోతే సాయం ఆపేస్తామని బెదిరించారు.

1978లో గట్టి నిబంధనలొచ్చాయి. సర్కారు ఖర్చుతో ఆపరేషన్ చేయాలంటే 21 ఏళ్లు నిండాలి. సంతకమయ్యాక 30 రోజులు ఆగాలి. అప్పటికి మినీ లీకి ఇంకా 21 నిండలేదు.